ముందు సీటు మీద గోనెపట్ట

మా వనపర్తిలో నాగర్‌కర్నూలు బాట పక్కన మోటారు షెడ్డు నడిపిన మిస్త్రీ చిచ్చా చనిపోయాడు. పుష్యమాసంలో, సంత జరిగే రోజున, దవాఖానకు తీసుకుపోతుంటే మా నాయన ఎడ్లబండిలోనే ఆయన ఊపిరి ఆగింది.

దుఃఖం కొంచెం ఆరిన తర్వాత నెమ్మదిగా ఆయన గురించి రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఆగడానికి వీలు లేదు. ఆ రోజు ఆయన ఎక్కి, మళ్ళీ దిగిపోయిన బస్సు ఒకటుంది. శ్రీరంగాపురం రథానికి నాగర్‌కర్నూలు వైపు నుంచి జనాన్ని ఆ బస్సులోనే తెస్తామని ఊరూరా డప్పు వేయిస్తున్నారు. "మిస్త్రీ ఆఖరుకు కూసున్న బండి" అని చెప్పి మరీ పిలుస్తున్నారు. కూర్చున్న మాట నిజమే. ఎందుకు దిగాడో ఎవరూ చెప్పడం లేదు. చెప్పవలసిన మనిషి మట్టిలో ఉన్నాడు. అందుకని నేను రాస్తున్నాను.

నేను ఎవరినో కూడా చెప్పాలి. మా నాయన కిరాయికి ఎడ్లబండి తోలుతాడు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు బాలికల బడిలో చిన్నపిల్లలకు ఓనమాలు దిద్దిస్తున్నాను. చిచ్చా షెడ్డు మా ఇంటికి ఎదురుగా, బాటకు అవతల ఉంటుంది. మోటార్లు వచ్చాక ఎడ్లబండ్లకు కిరాయిలు తగ్గినా మా నాయనకూ చిచ్చాకూ ఏనాడూ చెడలేదు. "నీ ఎడ్లకు నా మోటార్ల కన్న బుద్ధి ఎక్కువ. దిగుడు వస్తే అవే ఆగుతయి," అని చిచ్చా అనేవాడు. మా నాయన సంతోషపడేవాడు.

ఆ దిగుడు గురించి ముందే చెబుతాను. మా ఇళ్ళు దాటగానే బాట గుట్ట మీద నుంచి కిందికి దిగుతుంది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. మధ్యలో బాట కొడవలి లాగా వంగుతుంది. అక్కడ ఎడ్లబండ్ల వాళ్ళు దిగి కాడి పట్టుకొని నడుస్తారు. నా చిన్నతనంలో ఆ వంపులో విరిగిన బండిచక్రం ఒకటి పడి ఉండేది. ఎవరిదో ఎవరూ చెప్పేవారు కాదు. వంటచెరుకుకు కూడా దాన్ని ఎవరూ తీసుకుపోలేదు.

పొద్దున లేచి వాకిలి ఊడ్చేటప్పటికే షెడ్డులో సుత్తి చప్పుడు వినబడేది. మా ప్రాంతంలో మోటార్లు ఎక్కువేమీ లేవు. సంస్థానం కార్లు, వకీలు గారి కారు, కృష్ణ రేవుకు వేరుశనగ మోసే లారీలు, బస్సు సర్వీసులు. ఉన్న కొన్నీ ఎప్పుడూ ఏదో ఒక రోగంతోనే ఉండేవి. పంచరు, పొంగిపోయే నీళ్ళ ట్యాంకు, ఎంత తిప్పినా లేవని ఇంజను. చిచ్చా బండి కింద పడుకుంటే కాళ్ళు మాత్రం బయటికి కనిపించేవి. మధ్యాహ్నం ఆయన భార్య, మేము చాచి అని పిలిచే ఆమె, జొన్నరొట్టె తెచ్చి బండి పక్కన కూర్చునేది. చిచ్చా చేతులు నల్లగా ఉంటాయి కాబట్టి తల మాత్రం బయట పెట్టి నోరు తెరిచేవాడు. ఆమె ముద్ద పెట్టేది.

"కాకిపిల్ల తీరు నోరు తెరుస్తవ్. జర లేచి కూసొని తినరాదు?"

"లేస్తే నట్టు యాడ పెట్టిన్నో మరిచిపోత. నువ్వు పెట్టు."

బండి ఇచ్చినవాళ్ళను ఆయన ఊరికే కూర్చోబెట్టేవాడు కాదు. వేప కింద మంచం వాల్చి, కడవలో నీళ్ళు పెట్టి, ఆడవాళ్ళు ఉంటే మా ఇంటికి పంపేవాడు. విప్పిన ప్రతి సామానూ గుడ్డ మీద వరుసగా పెట్టి, బండి యజమానిని పిలిచి, "ఇది అరిగింది, ఇది మంచిగుంది, ఇది ఇంకొన్నాళ్ళు నడుస్తది," అని చూపించేవాడు. "నాకేం తెల్వది మిస్త్రీ, నువ్వే చూసుకో," అంటే ఒప్పుకునేవాడు కాదు. "నీ బండి సాబ్. నువ్వు తెల్సుకోవాలె," అనేవాడు.

ఆయన పద్ధతి ఒకటి మా చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ తెలుసు. బండి బాగుచేశాక మొట్టమొదటి తిరుగుడులో తాను కూర్చోవాలి. డ్రైవరు పక్కన, ముందు సీటులో. బట్టల మసి సీటుకు అంటకుండా ఒక గోనెపట్టను నాలుగు మడతలు చేసి సీటు మీద పరుచుకొని దాని మీద కూర్చునేవాడు. దిగుడు కింది దాకా పోయి, తిరిగి ఎక్కి వచ్చాక గోనెపట్ట తీసి భుజాన వేసుకునేవాడు. అప్పుడే బండి అప్పగింత. కర్నూలులో ఆయనకు పని నేర్పిన ఉస్తాదు పెట్టిన నియమమట. "బాగుచేసినోడు ముందు తన పానం దాంట్ల పెట్టాలె. ఆ తర్వాతనే ఇంకోని పానం అడగాలె," అని ఆ ఉస్తాదు చెప్పాడని చిచ్చా ఎన్నోసార్లు అనగా విన్నాను.

ప్రయాణికులకు అది అలవాటయింది. బస్సు బాగుకు వచ్చిందని తెలిస్తే, మళ్ళీ ఎక్కేముందు తొంగిచూసి, "చిచ్చా కూసున్నడా?" అని అడిగేవారు. ముందు సీటు మీద గోనెపట్ట కనబడితే ఇంకేమీ అడిగేవారు కాదు.

నేను తెలుగు కుదురుగా రాయడం నేర్చుకున్న కొత్తలో షెడ్డుకు ఒక బోర్డు రాసి పెడతానన్నాను. రంగు కూడా తెచ్చుకున్నాను. చిచ్చా నవ్వాడు.

"బోర్డెందుకు బిడ్డా? నేను బండ్ల కూసుంటే అదే బోర్డు."

ఆ రంగుతో చాచి ఇంటి తలుపుకు పూత వేసుకుంది.

ఒకసారి వకీలు గారి కారు వచ్చింది. చుక్కాని కింద ఒక కీలు అరిగిపోయింది. కొత్తది కర్నూలు నుంచి రైలులో గద్వాలకు రావాలి, అక్కడి నుంచి పుట్టిలో కృష్ణ దాటి ఇటు రావాలి. వకీలు గారికి మర్నాడే గద్వాలలో పని. "ఉన్నదాన్నే బిగించు," అన్నారు. చిచ్చా బిగించాడు. బిగించి, గోనెపట్ట భుజాన వేసుకొని పక్కకు నిలబడ్డాడు.

"ఏం మిస్త్రీ, మా కార్ల కూసునేందుకు నామోషీనా?"

"కారు మంచిదే సాబ్. కీలే మంచిగ లేదు. మీరు వకీలని దానికి తెల్వదు."

వకీలు గారు నవ్వి వెళ్ళిపోయారు. సాయంత్రానికి మా నాయన బండిలో తిరిగి వచ్చారు. కారు జొన్నచేనులో ఒరిగి ఉంది, ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. చిచ్చా ఆయనను చూసి అడిగిన మాట ఒకటే. "సాబ్, చాయ తాగుతరా?" "నేను చెప్పలేదా?" అని ఏ గిరాకీతోనూ ఆయన అనగా నేను వినలేదు. వకీలు గారు ఆ తర్వాత గోనెపట్ట చూడనిదే కారు ఎక్కలేదు.

యుద్ధం వచ్చాక ఆయన పని బరువెక్కింది. పెట్రోలు కరువై బస్సులకు వెనక బొగ్గు పొయ్యిలు బిగించారు. అవి పొగతో, నిప్పురవ్వలతో, దగ్గే మనిషి లాగా నడిచేవి. టైర్లు దొరకవు. లోపల గడ్డి కుక్కి నడిపేవారు. విడి సామాను ఎన్నిసార్లు రాసినా రాదు. చిచ్చా దినమంతా అతికింపులు చేస్తూ ఉండేవాడు. తోలు ముక్కలతో, రేకు ముక్కలతో, పాత బండ్ల ఎముకలతో. రాత్రి కన్ను మూసినా చెయ్యి తిప్పుతూనే ఉంటుందని చాచి మా అమ్మతో చెప్పి బాధపడేది. గోనెపట్ట చాలా రోజులు భుజం మీదే ఉండిపోయేది.

నేను చెబుతున్న బస్సు ఆ రోజుల్లో వచ్చింది. దాని యజమానిని అందరూ సేటు అంటారు. పేరు నేను రాయను. ఆయనకు ఉన్నది ఆ ఒక్క బస్సే. వెనక చక్రంలో బిరేకు పట్టే ఇనుప గిన్నె పగిలింది. డ్రమ్ము అంటారు దాన్ని. చిచ్చా మమ్మల్ని పిలిచి చూపించాడు. మంచి చక్రం డ్రమ్మును పానాతో కొట్టాడు, ఖంగుమంది. రెండోదాన్ని కొట్టాడు. మొద్దుగా, గొంతు పట్టేసినట్టు పలికింది. మా అమ్మ వెంటనే అంది, "పగిలిన కుండ."

"గదే అక్కా. సంతల కుండ కొట్టి చూసి కొంటవు గద. ఇది కొనే కుండ కాదు. బండి ఖాళీగ ఉంటే మెల్లగ, చిన్న గేరుల దిగుతది. నిండుగ ఉండి దిగుడుల బిరేకు గట్టిగ తొక్కితే గిన్నె రెండు చెక్కలైతది. ఇగ ఆపేటందుకు ఏముండదు."

సేటు తల పట్టుకున్నాడు. "సామాను రాకపోతే నేనేం జెయ్యాలె మిస్త్రీ? బండి నిలబెట్టి నా పిల్లలకేం పెట్టాలె?"

"నిలబెట్టు సేటూ. రోజూ కర్నూలుకు మనిషిని పంపుదాం."

సేటు నిలబెట్టలేదు. చిచ్చా అందులో కూర్చోలేదు. తెలిసినవాళ్ళు ఎక్కడం మానేశారు. తెలియనివాళ్ళు, దూరపు ఊళ్ళ వాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు.

అప్పటి నుంచి మా వీధికి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున ఆ బస్సు షెడ్డు ముందు నుంచి పోయి దిగుడులోకి మళ్ళేది. చిచ్చా చేతిలో పని ఆగేది. షెడ్డులో పని నేర్చుకునే పిల్లల పనీ ఆగేది. మొదట ఇంజను మూలుగు, తర్వాత వంపు దగ్గర బిరేకు కీచుమనడం. ఆ కీచు ఒక్కోరోజు పొడుగ్గా ఉండేది. మా అమ్మ చేట పట్టుకొని చెరగకుండా నిలబడేది. చప్పుడు మైదానంలోకి పోయి సన్నబడ్డాక చిచ్చా పెదవుల్లోనే "అల్హమ్దులిల్లా" అనుకొని పానా అందుకునేవాడు. బస్సు సాయంత్రం తిరిగి వచ్చేది. మర్నాడు మళ్ళీ అదే. రోజురోజుకూ ఆ కీచుకు బదులు ఏదో గరగర వస్తున్నట్టు నాకు అనిపించేది. నేను చెబితే చిచ్చా, "నాకు గూడ వినొస్తున్నది బిడ్డా," అన్నాడు.

పుష్యమాసం చలిలో ఆయనకు పక్కలో నొప్పి, జ్వరం మొదలయ్యాయి. కషాయాలు తాగుతూనే బండ్ల కింద పడుకునేవాడు. సంత రోజు పొద్దున లేవలేకపోయాడు. ఊపిరి తీస్తే గురగుర వినబడింది. మా ఊరి డాక్టరు గారు దౌరా మీద వేరే ఊళ్ళకు పోయి ఉన్నారు. కాంపౌండరు చూసి, ఆలస్యం చేయకుండా నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఎడ్లబండికి ఒక పగలంతా పడుతుంది. ఆ పూట పోయే మోటారు సేటు బస్సు ఒకటే.

మా నాయన పోయి అడిగితే సేటు కాదనలేదు. ఆ మాట నేను దాచను. "నా బండిని ఇన్నేండ్లు చూసినోడు. ఖాళీగనే పంపుత, తీసుకురండ్రి," అన్నాడు. చిచ్చా కళ్ళు తెరిచి, "ఖాళీగనేనా?" అని అడిగాడు. అవునంటే సరేనన్నాడు. మా నాయన, నేను, చాచి ఆయనను నడిపించుకొని బస్సు నిలిచే చోటికి తీసుకుపోయాం. ఆయన మసిబట్టలతోనే ఉన్నాడు. చాచి అలవాటుగా గోనెపట్ట తెచ్చింది. మడిచి ముందు సీటు మీద వేసి ఆయనను కూర్చోబెట్టింది.

సంత అప్పుడే నిండుతున్నది. తెల్లవారకముందే బేరం ముగించుకొని నాగర్‌కర్నూలు, లింగాల వైపు తిరిగి పోయేవాళ్ళు మూటలతో బాట మీదే ఉన్నారు. ఎవరో ఒకరు అన్నారు, "అరే, మిస్త్రీ కూసున్నడు. బండి బాగైంది." ఆ మాట సంత ఈ కొసకు వచ్చేలోపల జనం బస్సు మీద పడ్డారు. మేకపిల్లతో ఒకతను, కోళ్ళగంపతో ఒక ముసలవ్వ, బిడ్డలను ఎత్తుకున్న తల్లులు. పైన మూటలు, లోపల మనుషులు. మా నాయన చేతులు అడ్డం పెట్టినా ఆగలేదు.

చిచ్చా వెనక్కి తిరిగాడు. "దిగుండ్రి. బండి బాగ లేదు, దిగుండ్రి," అన్నాడు. గొంతు పైకి రాలేదు.

"బాగలేకుంటే నువ్వెందుకు కూసున్నవ్?"

"బీమారున్న. దవాఖానకు పోతున్న."

"మేము గూడ ఊరికి పోతున్నం. నువ్వొక్కనివే నవాబు తీరు పోతవా?" అన్నాడు మేకపిల్లతను. జనం నవ్వారు.

కోళ్ళగంప అవ్వ ఆయన భుజం తట్టింది. "నువ్వున్న బండికేమైతది కొడుకా. నిన్ను చూసే ఎక్కిన. జర జరుగు."

చిచ్చా సేటు వైపు చూశాడు. నిండిన బస్సును సేటు చాలా రోజుల తర్వాత చూస్తున్నాడు. "ఎక్కినోళ్ళను నేనెట్ల దించుదు మిస్త్రీ? ఒక్కపారికి మెల్లగ పోనిద్దాం," అన్నాడు. డ్రైవరు ఎటూ చూడకుండా చుక్కాని పట్టుకొని కూర్చున్నాడు.

అప్పుడు చిచ్చా తలుపు కడ్డీ పట్టుకొని దిగాడు. ఒక కాలు నేల మీద పెట్టి, ఊపిరి తీసుకొని, రెండో కాలు పెట్టాడు. చాచి అరిచింది. ఆయన వినలేదు. బస్సుకు ఎదురుగా బాట మధ్యకు నడిచి నేల మీద కూర్చున్నాడు.

ముసలవ్వ ముందుగా గంప దించింది. "మిస్త్రీ దిగిండు. ఏమో ఉంది, దిగుండ్రి," అంది. తర్వాత తల్లులు దిగారు. మేకపిల్లతను ఆఖరుకు దిగి, చిచ్చా దగ్గరికి వచ్చి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. బస్సు ఖాళీ అయింది. మా నాయన చిచ్చాను మళ్ళీ ఎక్కిద్దామని లేపబోయాడు. కాని సేటు ముఖం మాడిపోయింది. "సంత నడుమ నా బండి పరువు తీసినంక ఇంకేం బండి," అని డ్రైవరును కేకేసి బస్సును తన దొడ్డిలోకి తీసుకుపోయాడు.

మా నాయన ఎడ్లు కట్టాడు. దిగుడులో కాడి పట్టుకొని నడిపించాడు. బండిలో చాచి ఒడిలో తల పెట్టుకొని చిచ్చా పడుకున్నాడు. వంపు దాటాక ఆయన నన్ను పిలిచాడు.

"బిడ్డా, గోనెపట్ట బండ్లనే ఉండిపాయె."

చలికి అడుగుతున్నాడనుకున్నాను. మా నాయన గొంగడి కప్పాను.

"గోనెపట్ట తెప్పియ్యి," అన్నాడు మళ్ళీ.

దారిలోని గోపాల్‌పేట చేరకముందే ఆయన ఊపిరి నిలిచింది.

ఆయన ఎందుకు అడిగాడో నాకు కొన్నాళ్ళకు తెలిసింది. బస్సు మళ్ళీ బాట మీదికి వచ్చింది. ముందు సీటు మీద అదే గోనెపట్ట, అవే మడతలు. చాచి పోయి అడిగితే సేటు, "మిస్త్రీ యాది, నా దగ్గరుండనియ్యి," అన్నాడట. ఎక్కేవాళ్ళు తొంగిచూసి, గోనెపట్ట కనబడగానే ఎక్కుతున్నారు. రథానికి డప్పు కూడా మొదలైంది.

డ్రమ్ము మార్చారేమోనన్న ఆశతో నేను ఒకరోజు బడి వదిలాక బస్సు నిలిచిన చోటికి పోయాను. గులకరాయి తీసుకొని చక్రం సందులోంచి కొట్టాను. ఆ చప్పుడే.

"ఏం పంతులమ్మా, కుండలు కొంటున్నవా?" అన్నాడు డ్రైవరు. నేను ఇంకోసారి కొట్టాను. అప్పుడు ఆయనే అన్నాడు, "నాకు గూడ వినొస్తదమ్మా. నేను గూడ దాంట్లనే ఉంట గద."

అర్జీ రాసుకొని మా నాయనతో కలిసి తాలూకా కచేరీకి పోయాను. అక్కడ మున్షీ గారు అర్జీ చదివి, "మిస్త్రీయే కూసున్నడని ఊరంతా చెప్తున్నది. దిగిండని మీ ఇంటోళ్ళు తప్ప ఎవరన్న చెప్తరా?" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. దిగడం చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాని వాళ్ళు సంతకు వచ్చి పోయినవాళ్ళు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. వాళ్ళ ఊళ్ళకు నేను పోలేను. ఈ పత్రిక పోతుంది.

కాబట్టి చదివేవారిని వేడుకుంటున్నాను. మీ ఊళ్ళో నలుగురు కూర్చున్న చోట దీన్ని పైకి చదవండి. కోళ్ళగంప అవ్వ, మేకపిల్లతను, బిడ్డలతో ఎక్కి దిగిన తల్లులు, ఎవరున్నా వింటారు. తాము చూసింది చెబితే మీరు రాసి, వాళ్ళ వేలిముద్ర వేయించి, ఈ పత్రిక చిరునామాకు పంపండి. నేను అవన్నీ కచేరీలో ఇస్తాను.

ఇప్పుడు షెడ్డు మూసి ఉంది. పొద్దున బస్సు దిగుడులోకి మళ్ళినప్పుడు చాచి ఒక్కతే వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. చేతిలో సగం తట్టిన రొట్టె ఉంటుంది. గరగర వినబడినంతసేపూ ఆ పిండి అట్లాగే చేతి మీద ఆరిపోతుంది. చప్పుడు మైదానంలోకి పోయాక లోపలికి పోతుంది. ఇప్పటివరకు ప్రతిరోజూ లోపలికి పోయింది.

రథం ఫాల్గుణంలో. ఆ రోజు బస్సు ఖాళీగా రాదు, తిరిగి పోయేటప్పుడు ఆ దిగుడు ఖాళీగా దిగదు. మీ జవాబులు మాఘ బహుళ ఏకాదశి లోపల నాకు చేరాలి.